చెప్పులు ఎక్కడ విడవాలి, తల ఎక్కడ వంచకూడదు

జావా ద్వీపంలోని యోగ్యకర్త నగరం నుంచి బోరోబుదూర్ మహాస్తూపం సుమారు 40 కిలోమీటర్లు. తెలుగు నేల నుంచి వెళ్ళిన మేము పదకొండు మందిమి ఒక వ్యానులో బయలుదేరాం. అది రంజాన్ నెల. బండి నడుపుతున్నాయన తెల్లవారకముందే భోంచేసి, సూర్యాస్తమయం దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసంలో ఉన్నాడు. పదకొండు గంటల వేళ మాలో ఒకరు హోటల్లో కట్టించుకున్న అన్నం పొట్లం విప్పబోయారు. వాసన బండంతా నిండింది. మాతో వచ్చిన ఒక అక్క నెమ్మదిగా, "ఆయన ఉపవాసంలో ఉన్నాడు కదా, దిగాక తిందామా?" అంది.

దానికి మాలో అందరికన్నా పెద్దాయన, ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, గట్టిగానే జవాబిచ్చాడు. "ఎందుకాగాలమ్మా? మా నాన్న ఊళ్ళో పెద్దవీధి దాటేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడిచాడు. అదీ అక్కడి ఆచారమే. బాబాసాహెబ్ మహద్‌లో ఆచారాన్ని చూసి నీళ్ళు మానుకున్నాడా? ఆచారాల నుంచి బయటపడడానికే కదా మనం బౌద్ధులమైంది. ఇంత దూరం వచ్చి మళ్ళీ ఇంకొకరి మతాచారానికి నీళ్ళ సీసా దాచుకోవాలా?"

బండిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. అక్క చెప్పింది మర్యాద. పెద్దాయన చెప్పింది చరిత్ర. రెండూ నిజమే. మరి ఆ పొట్లం విప్పాలా, వద్దా? చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ ఆ వ్యానులో పుట్టిన ప్రశ్న మేము తిరిగి వచ్చిన తర్వాత కూడా మమ్మల్ని వదలలేదు. ముస్లిం దేశాలకు యాత్రకో, ఉద్యోగానికో, కూలికో వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడి మతాచారాలను గౌరవించడం అంటే ఏమిటి? అది మన ధమ్మంతో, మన ఇరవైరెండు ప్రతిజ్ఞలతో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది? ఈ వ్యాసంలో ఆలోచించదలచుకున్నది ఇదే.

ముందుగా పెద్దాయన మాటను తేలికగా తీసుకోకూడదు. "స్థానిక ఆచారాలను గౌరవించండి" అనే మాట పర్యాటక పుస్తకాల్లో ఎంతో మృదువుగా ఉంటుంది. మన చెవికి అది అంత మృదువుగా వినపడదు. మన దేశంలో స్థానిక ఆచారం పేరుతోనే మనల్ని ఊరి చివర ఉంచారు. టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి స్థానిక ఆచారమే. బావి దగ్గర ఎవరైనా దయతలచి నీళ్ళు పోసేదాకా దోసిలి పట్టుకుని నిలబడడం స్థానిక ఆచారమే. 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువులో బాబాసాహెబ్ దోసిలితో నీళ్ళు తాగింది ఆ ఆచారాన్ని ధిక్కరించడానికే. 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలైందీ అందుకే. మన తెలుగు నేల మీద 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ మన మనుషుల ప్రాణాలు తీసింది. ఆచారాన్ని ప్రశ్నించడం మనకు నేర్పిన పాఠాలు పుస్తకాల్లోవి కావు, చెరువు గట్ల మీదివి. కాబట్టి "ఆచారం" అన్న మాట వినగానే మనలో ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తే అది అమర్యాద కాదు, అనుభవం.

అయితే బాబాసాహెబ్ జీవితంలోనే ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చే సంఘటన ఒకటుంది. ఆయన తన జ్ఞాపకాలలో స్వయంగా రాసుకున్నాడు. 1934లో ఆయనా, సుమారు ముప్పై మంది సహచరులూ వేరుళ్ అంటే ఎల్లోరా బౌద్ధ గుహలు చూడడానికి బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట చూడాలనుకున్నారు. అప్పుడది నిజాం రాజ్యంలోని కోట. అది రంజాన్ నెల. కోట ద్వారం దగ్గర ఒక చిన్న నీళ్ళ తొట్టి నిండుగా ఉంది. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలూ కాళ్ళూ అందులోని నీళ్ళతో కడుక్కుని లోపలికి వెళ్ళబోతుండగా, ఒక వృద్ధుడు వెనక నుంచి కేకలు వేస్తూ వచ్చాడు. అంటరానివాళ్ళు నీళ్ళను మైలపరిచారని గోల. జనం పోగయ్యారు, తిట్లు మొదలయ్యాయి. ఆ తిట్టినవాళ్ళు ముస్లింలు.

అప్పుడు బాబాసాహెబ్ ఏం చేశాడు? "ఇది వాళ్ళ రాజ్యం, వాళ్ళ పవిత్ర మాసం, వాళ్ళ ఆచారం, గౌరవించాలి" అని తల వంచలేదు. అలాగని ఇస్లాంను తిట్టి రానూ లేదు. ఆయన వాళ్ళను వాళ్ళ మతం పేరు మీదనే నిలదీశాడు. మీ మతం నేర్పేది ఇదేనా అని అడిగాడు. ఒక అంటరానివాడు ముస్లిం అయితే అప్పుడూ ఈ నీళ్ళు ముట్టనివ్వరా అని అడిగాడు. వాళ్ళు జవాబు చెప్పలేకపోయారు. చివరికి కోటలో ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదన్న షరతు మీద లోపలికి పంపారు. అది జరిగేలా చూడడానికి ఆయుధం పట్టిన సిపాయిని వెంట ఇచ్చారు.

ఈ సంఘటనను మనం సాధారణంగా ఒకే పాఠంగా చదువుతాం: హిందువుకు అంటరానివాడైన మనిషి ముస్లింకూ అంటరానివాడే అయ్యాడని. అది నిజం. ఇందులో రెండో పాఠం కూడా ఉంది. ఆయన ప్రశ్న ఒక గీత గీసింది. ఒక పక్క రంజాన్ ఉపవాసం, మరో పక్క నీళ్ళ మైల. రెండూ ఆ రోజు, ఆ ద్వారం దగ్గర, అదే మనుషుల ఆచారాలుగా కనిపించాయి. కానీ ఒకటి వాళ్ళ ధర్మం నుంచి వచ్చింది, మరొకటి కులం నుంచి వచ్చి వాళ్ళ ఇంట్లో తిష్టవేసింది. ఆయన మొదటిదాన్ని ప్రశ్నించలేదు. రెండోదాన్ని ప్రశ్నించాడు.

ఈ గీతను మనం కొంచెం స్పష్టం చేసుకోవచ్చు. ఏ ఆచారం ఎదురైనా రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఈ ఆచారం భారాన్ని ఎవరు మోస్తున్నారు? దీన్ని పాటించడం వల్ల ఎవరైనా తక్కువ మనిషి అవుతున్నారా?

ఉపవాసం ఉన్న డ్రైవరు ఆకలిని తానే మోస్తున్నాడు. మనల్ని ఉపవాసం ఉండమనలేదు. తన కళ్ళ ముందు, తన ముక్కు కింద పొట్లం విప్పకుండా కాసేపు ఓర్చుకోవడం మన వంతు. అందువల్ల మనలో ఎవరూ తక్కువ మనిషి కాలేదు. రెండు గ్లాసుల పద్ధతిలో మాత్రం ఆచారం పాటించేవాడు పైసా భారం మోయడు. అంతా అవతలి మనిషి నెత్తినే పడుతుంది, ఆ మనిషి తక్కువవాడన్న తీర్పు కూడా దాంతోపాటే పడుతుంది. మసీదు గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు సుల్తానూ విడుస్తాడు, కూలివాడూ విడుస్తాడు, మనమూ విడుస్తాం. పెద్దవీధిలో చెప్పులు చేత పట్టించిన ఆచారంలో విడిచేది ఒక కులం, చూసి తృప్తి పడేది మరో కులం. చెప్పులు రెండు చోట్లా చెప్పులే. విడవడంలోని అర్థం మాత్రం ఒకటి కాదు. పెద్దాయన నాన్నగారు చెప్పులు చేత పట్టుకున్న అవమానానికీ, జకార్తాలోని ఇస్తిక్లాల్ మసీదు గుమ్మంలో మేము చెప్పులు విడవడానికీ తేడా ఇదే.

ఆ ఇస్తిక్లాల్ మసీదు గురించి ఒక మాట. 1978లో ప్రారంభమైన ఆ పెద్ద మసీదు నమూనా గీసింది ఫ్రెడరిక్ సిలాబన్ అనే క్రైస్తవుడు. ఎదురుగానే కాథలిక్కుల పెద్ద చర్చి ఉంది. రెంటినీ కలుపుతూ రోడ్డు కింద ఒక సొరంగ మార్గం కట్టి దానికి స్నేహం పేరు పెట్టారు. సందర్శకుల బట్టలు పొట్టిగా ఉంటే అక్కడివాళ్ళే పైన వేసుకోవడానికి ఒక అంగీ ఇస్తారు. లోపల చిత్రాలు తీసుకోవచ్చు, నమాజు చేసుకుంటున్నవాళ్ళ ముందు నుంచి నడవకూడదు. ఇందులో మన ప్రతిజ్ఞలకు అడ్డొచ్చేది ఏదీ మాకు కనపడలేదు.

మరి ఈ విషయంలో తథాగతుడు ఏం చేశాడు? పాళీ గ్రంథాల్లో దీనికి నేరుగా సంబంధించిన ఘట్టాలు చాలానే ఉన్నాయి.

వినయ పిటకంలోని చుల్లవగ్గంలో ఒక చిన్న ముచ్చట ఉంది. ఒకసారి బుద్ధుడు ధమ్మం చెబుతూ తుమ్మాడు. భిక్షువులంతా ఆయుష్షు కోరుతూ గట్టిగా దీవెన పలికారు, ఉపదేశం ఆగిపోయింది. దీవెన వల్ల ఎవరైనా బతుకుతారా, చస్తారా అని ఆయన అడిగాడు. కాదని వాళ్ళు ఒప్పుకున్నారు. అయితే ఆ మాట అనవద్దన్నాడు. మూఢనమ్మకం అక్కడితో తేలిపోయింది. తర్వాత భిక్షువులు తుమ్మినప్పుడు ఊళ్ళో జనం వాళ్ళను దీవించడం, భిక్షువులు నియమం ప్రకారం బదులు పలకకుండా ఊరుకోవడం జరిగింది. జనం నొచ్చుకున్నారు. అది విని బుద్ధుడు, గృహస్థులు శుభవచనాలను కోరుకునేవాళ్ళు, వాళ్ళు దీవిస్తే మీరూ తిరిగి దీవించవచ్చునని అనుమతించాడు. నమ్మకాన్ని తోసిపుచ్చిన మనిషే మర్యాదను నిలబెట్టాడు. దీవెనకు శక్తి ఉందని ఒప్పుకోవడం వేరు, ఎదుటివాడి మంచి మనసుకు బదులివ్వడం వేరు.

మజ్ఝిమ నికాయంలో ఉపాలి గృహపతి కథ ఉంది. ఆయన నిగంఠులకు అంటే జైన శ్రమణులకు గొప్ప పోషకుడు. వాదించి ఓడించడానికి వచ్చి బుద్ధుడి మాటకు ఒప్పుకుని శరణు కోరాడు. బుద్ధుడు మొదట అన్న మాట, తొందరపడకు, బాగా విచారించుకో అని. తర్వాత అన్న మాట, నీ ఇల్లు చాలాకాలంగా నిగంఠులకు నీళ్ళబావి లాంటిది, వాళ్ళు భిక్షకు వస్తే ఇవ్వడం మానకు అని. మతం మారిన మనిషికి ఆయన ఇచ్చిన మొదటి సలహా పాత మతంవాళ్ళ మీద తలుపు వేయమని కాదు. నిన్నమొన్న దీక్ష తీసుకున్న మన కుటుంబాలన్నీ గుర్తుంచుకోదగ్గ విషయం ఇది.

అదే నికాయంలోని అరణవిభంగ సుత్తం ఇంకా చిన్న విషయాన్ని పట్టుకుంటుంది. భిక్షాపాత్రను ఒక ప్రాంతంలో ఒక పేరుతో, మరో ప్రాంతంలో మరో పేరుతో పిలుస్తారు. ఏ ప్రాంతానికి వెళితే అక్కడివాళ్ళ పేరుతో పిలవాలి, నా పేరే సరైనది మిగతావన్నీ తప్పు అని పట్టుబట్టకూడదు. అలా పట్టుబట్టడమే కలహానికి మూలం అంటుంది ఆ సుత్తం. పాత్ర ఒకటే, పేరు వేరు. పరాయి దేశం వెళ్ళిన యాత్రికుడికి ఇంతకన్నా పనికొచ్చే ఉపదేశం లేదు.

వర్షావాసం ఎలా వచ్చిందో కూడా చూడండి. వానాకాలంలో పచ్చగడ్డినీ చిన్న ప్రాణులనూ తొక్కుకుంటూ తిరుగుతున్నారని జనం శాక్యపుత్రుల భిక్షువులను విమర్శించారు. మిగతా శ్రమణులు ఒకచోట ఉంటున్నారు కదా అన్నారు. బుద్ధుడు ఆ విమర్శను విని మూడు నెలలు ఒకచోట ఉండే నియమం పెట్టాడు. ఈ రోజు మనం ఎంతో గౌరవంగా జరుపుకునే వర్షావాసం నాటి లోకాచారాన్ని ఆలకించడం వల్ల వచ్చింది. ఆలకించడానికి కారణం దాని వెనక కరుణ ఉండడం. జన్మ వల్ల ఎక్కువతక్కువలు వస్తాయన్న లోకాచారం కూడా ఆయన కాలంలో ఉంది. దాని వెనక కరుణ లేదు. దాన్ని ఆయన ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. క్షురకుడైన ఉపాలిని శాక్య రాజకుమారుల కన్నా ముందు సంఘంలో చేర్చి, వాళ్ళ చేత అతనికి నమస్కరింపజేశాడు.

అంటే బుద్ధుడికి ఆచారం ఆచారమైనందుకు గొప్పదీ కాదు, ఆచారమైనందుకు నీచమైనదీ కాదు. దాని వల్ల మనుషులకు ఏం జరుగుతోందన్నదే ఆయన చూశాడు. బాబాసాహెబ్ దౌలతాబాద్ ద్వారం దగ్గర చేసిందీ అదే పని.

అశోకుడి పన్నెండో శిలాశాసనం ఈ దారిలోనే నడుస్తుంది. సారం ఇది: మాటను అదుపులో పెట్టుకోవాలి. సందర్భం లేకుండా తన మతాన్ని పొగడకూడదు, ఇతరుల మతాన్ని తెగడకూడదు. తన మతం మీద ప్రేమతో ఇతర మతాన్ని కించపరిచేవాడు నిజానికి తన మతానికే ఎక్కువ హాని చేస్తాడు. ఈ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద బ్రాహ్మీ లిపిలో ఉంది. ఇదే శాసనం పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఖరోష్ఠీ లిపిలో ఉంది. అక్కడ దీన్ని మిగతా శాసనాల నుంచి విడిగా వేరే బండ మీద చెక్కారు. ఎర్రగుడి చుట్టూ ఇప్పుడు తెలుగు ఊళ్ళు, షాబాజ్‌గఢీ చుట్టూ ముస్లిం ఊళ్ళు. ఒకే మాట రెండు చోట్లా ఎదురుచూస్తోంది.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నలకు వద్దాం. మనలో చాలామంది అడుగుతారు: మర్యాదంతా మనమే చూపాలా? 2001 మార్చిలో తాలిబన్లు బామియాన్ బుద్ధులను పేల్చివేసినప్పుడు ఈ గౌరవం ఏమైంది? 1985 జనవరిలో ఇదే బోరోబుదూర్ మీద బాంబులు పెట్టి తొమ్మిది స్తూపాలను దెబ్బతీసినవాళ్ళు ఎవరు?

ఈ ప్రశ్నలు అడగదగినవే. జవాబు కూడా నిజాయితీగా ఉండాలి. బామియాన్‌ను పేల్చింది తాలిబన్లు. ఆ పని ఆపమని ముస్లిం దేశాల నుంచి కూడా విజ్ఞప్తులు వెళ్ళాయి. ముస్లింలు నివసించే ఆ లోయలో ఆ విగ్రహాలు అంతకుముందు వెయ్యేళ్ళకు పైగా నిలిచి ఉన్నాయి. బోరోబుదూర్ మీద బాంబులు పెట్టింది కొందరు తీవ్రవాదులు. 2010లో మెరాపి అగ్నిపర్వతం బద్దలై ఆ స్తూపమంతా బూడిద కప్పేసినప్పుడు రాయి రాయినీ కడిగినవాళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉన్నారు. ఆ ఊళ్ళు ఎక్కువగా ముస్లిం ఊళ్ళు. 504 బుద్ధ విగ్రహాలు, 2,672 శిల్ప ఫలకాలు ఉన్న ఆ కొండంత స్తూపాన్ని ఈ రోజు కాపాడుతున్నది 87 శాతం దాకా ముస్లింలున్న దేశం. ఆ దేశంలో బౌద్ధులు ఒక శాతం కూడా లేరు. అయినా 1983 నుంచి వైశాఖ పున్నమి అక్కడ జాతీయ సెలవు దినం.

మనవైపు కూడా ఒకసారి చూసుకోవాలి. 2017లో బౌద్ధులు అధికంగా ఉన్న మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు ప్రాణాలు చేత పట్టుకుని బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ ద్వేషాన్ని రగిలించినవాళ్ళలో చీవరం కట్టిన భిక్షువులు కూడా ఉన్నారు. వాళ్ళ పాపానికి మనం బాధ్యులం కామని అనుకుంటాం. అది న్యాయమే. అయితే తాలిబన్ల పాపానికి జావాలోని వ్యాను డ్రైవరును బాధ్యుణ్ణి చేయడం ఎలా న్యాయమవుతుంది? తూకపురాళ్ళు అందరికీ ఒకటే ఉండాలి.

ఇంకో కష్టమైన విషయం ఉంది, దాన్ని దాటేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఇండోనేషియాలోనే ఉత్తర సుమత్రాలోని తంజుంగ్ బలాయ్ అనే పట్టణంలో 2016లో ఒక బౌద్ధ మహిళ తన ఇంటి దగ్గరి మసీదు మైకు శబ్దం ఎక్కువగా ఉందని చెప్పింది. అది వదంతిగా మారి, జనం పలు బౌద్ధ, చైనీయ ఆలయాల మీద పడి తగలబెట్టారు. 2018లో న్యాయస్థానం మతనింద నేరం కింద ఆమెకే 18 నెలల జైలుశిక్ష వేసింది. ఆమెకు మనం ఏం చెప్పాలి? స్థానిక ఆచారాలను గౌరవించమ్మా అనాలా?

అనకూడదు. ఆమె యాత్రికురాలు కాదు. ఆ ఊరి మనిషి, ఆ దేశ పౌరురాలు. అతిథి శీలం వేరు, పౌరుడి హక్కు వేరు. పది రోజులు ఉండి వెళ్ళే మనం తెల్లవారుజామున అజాన్‌కు మెలకువ వస్తే దుప్పటి కప్పుకుని ఓర్చుకోవచ్చు, అది మర్యాద. జీవితమంతా అక్కడే బతికే మనిషి శబ్దం తగ్గించండని ఇరుగుపొరుగుగా అడగడం నింద కాదు, హక్కు. మనకున్న ఓర్పును ఆమె మీద చట్టంగా రుద్దితే అది మళ్ళీ మన ఊరి పెద్దవీధే అవుతుంది. ఈ మాట మనమే అనడం లేదు. అక్కడి అతిపెద్ద ముస్లిం సంస్థ నహ్దతుల్ ఉలమా నాయకులు కూడా, శబ్దం గురించి ఫిర్యాదు చేయడం మతనింద కాదని బహిరంగంగా అన్నారు. 2022లో ఆ దేశ మత వ్యవహారాల శాఖ మసీదు మైకుల శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దౌలతాబాద్‌లో బాబాసాహెబ్ వేసిన ప్రశ్నకు ఆ రోజు జవాబు రాలేదు. అలాంటి ప్రశ్నకు ఇక్కడ ముస్లింల నుంచే జవాబు వచ్చింది. ఇతరుల ఆచారాన్ని గౌరవించడం అంటే వాళ్ళలో ఇలాంటి జవాబు చెప్పగలవాళ్ళు ఉన్నారని నమ్మడం కూడా.

గౌరవానికి ఇంకో హద్దు మన శీలంలోనే ఉంది. పంచశీలలో నాలుగోది అబద్ధమాడకుండా ఉండడం. గౌరవం పేరుతో లేని నమ్మకాన్ని ఉన్నట్టు పలకకూడదు. నమాజు వరుసలో నిలబడి సరదాగా వంగడం, ఫొటో కోసం వాళ్ళ విశ్వాస వచనం పలకడం వాళ్ళకూ అవమానం, మనకూ అసత్యం. పక్కన మౌనంగా కూర్చోవడమే అసలైన గౌరవం. మీ మతం ఏమిటని అడిగితే బౌద్ధులమని చెప్పాలి. దాచుకోవలసిన పేరు కాదు అది.

ఈ విషయంలో ఇండోనేషియా బౌద్ధులు పడ్డ ఇరకాటం మనకు తెలియాలి. ఆ దేశ రాజ్యాంగ మూలసూత్రాల పేరు పంచశీల. మనం రోజూ వల్లించే ఆ పదాన్నే 1945లో సుకర్ణో ఐదు జాతీయ సూత్రాలకు పెట్టాడు. అందులో మొదటిది ఏకైక దైవం మీద విశ్వాసం. దేవుణ్ణి సృష్టికర్తగా ఒప్పుకోని బౌద్ధులు ఏం చేయాలి? అక్కడ ధమ్మాన్ని తిరిగి నిలబెట్టిన అషిన్ జినరక్ఖిత భంతే, పాత జావా బౌద్ధంలో ఉన్న ఆదిబుద్ధుడి పేరును ముందుకు తెచ్చాడు. దాని మీద అక్కడి బౌద్ధుల్లోనే అభిప్రాయభేదాలు వచ్చాయి. మనం అక్కడ లేం, ఆ ఒత్తిడి మన మెడ మీద లేదు కాబట్టి ఆయన్ను తప్పుపట్టే అర్హత మనకు లేదు. కానీ ఆ ఒత్తిడి లేని మనం, కేవలం మొహమాటానికి ఉన్నదాన్ని లేదనీ, లేనిదాన్ని ఉందనీ అనకూడదు.

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళ సంగతి కూడా ఈ గీత దగ్గరే తేలుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్ళిన మన పిల్లలు అక్కడ రంజాన్ పగళ్ళలో బయట తినరు, తాగరు. మద్యం జోలికి పోరాదంటే, అది మన ఐదో శీలమే, మన ప్రతిజ్ఞల్లోనూ ఉన్నదే. ఇవన్నీ పాటించవచ్చు. కానీ యజమాని పాస్‌పోర్టు లాక్కుని దాచుకుంటే, జీతం నెలల తరబడి ఆపితే, అది ఆ దేశపు మతాచారం కాదు. దానికి ఖురాన్ పేరు లేదు, పెత్తనం అని పేరు. దాన్ని సహించడం గౌరవం కాదు. మతాన్ని గౌరవించమని నేర్పేటప్పుడు ఈ తేడా కూడా నేర్పకపోతే మన పిల్లలకు సగం పాఠమే చెప్పినట్టు.

చివరగా, ఈ గౌరవం విమానం దిగగానే అయిపోకూడదు. జావాలో అజాన్ విని ముచ్చటపడి, హైదరాబాద్‌లోనో గుంటూరులోనో పక్కవీధి ముస్లిం గురించి ఎవరో పంపిన విషపు సందేశాన్ని పదిమందికి పంపితే, మనది యాత్రికుడి మర్యాదే గానీ ఉపాసకుడి మైత్రి కాదు. పరదేశంలో భయానికో మొహమాటానికో వంగినవాడు స్వదేశంలో నిటారుగా నిలబడి దూషిస్తాడు. మైత్రి ఉన్నవాడు రెండు చోట్లా ఒకేలా ఉంటాడు.

ఇక ఆ వ్యానులోకి తిరిగి వెళదాం. మా వాదన తెలుగులో సాగింది గానీ, పొట్లాన్నీ మా ముఖాలనూ అద్దంలో చూసిన డ్రైవరుకు విషయం అర్థమైంది. వచ్చిన ఇంగ్లీషులో ఆయనే అన్నాడు: "మీరు ప్రయాణికులు. మా మతంలోనే ప్రయాణికుడికీ రోగికీ ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. పెద్దాయన తినాలి." మేము ఎవరం అడగకుండానే ఆయన మా పెద్దాయనకు చక్కెర జబ్బు ఉందేమోనని కనుక్కున్నాడు. నిజంగానే ఉంది.

కాసేపటికి రోడ్డు పక్కన ఒక చిన్న హోటలు ముందు బండి ఆపాడు. రంజాన్ నెల కాబట్టి దాని ముందు ఒక పరదా కట్టి ఉంది. అక్కడ చాలాచోట్ల అలాగే కడతారు. లోపల తినేవాళ్ళు తింటూనే ఉంటారు, ఉపవాసం ఉన్నవాళ్ళ కళ్ళ పడకుండా పరదా ఉంటుంది. తిండిని ఆపని, ఆకలిని వెక్కిరించని ఒక గుడ్డ ముక్క. పెద్దాయన ఆ పరదా వెనక కూర్చుని అన్నం తిన్నాడు, మందు వేసుకున్నాడు. బయటికి వచ్చాక కాసేపు ఆ పరదానే చూస్తూ నిలబడి, "మా ఊరి హోటల్లో పరదా ఇట్లా ఉండేది కాదు. మా గ్లాసు బయట చూరులో ఉండేది. ఇది వేరే" అన్నాడు.

బోరోబుదూర్ మెట్ల దగ్గర రాళ్ళు అరగకుండా ఉండాలని అల్లిన చెప్పులు ఇచ్చారు. పైకి ఎక్కేవాళ్ళ సంఖ్య మీద కూడా రోజువారీ పరిమితి ఉంది. అదృష్టం కలుగుతుందని జాలీ స్తూపాల్లోకి చేతులు దూర్చి లోపలి బుద్ధుణ్ణి తాకాలని చూసే సందర్శకులను అక్కడి కాపలా మనిషి ఆపుతున్నాడు. ఆయన ముస్లిం. మన బుద్ధుణ్ణి మూఢనమ్మకం నుంచి ఆయన కాపాడుతున్నాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో మగ్రిబ్ అజాన్ వినపడగానే డ్రైవరు బండి పక్కకు ఆపి, ఖర్జూరాల డబ్బా తెరిచాడు. తాను ఒకటి నోట్లో వేసుకుని, డబ్బా వెనక్కి చాపాడు. అందరికన్నా ముందు చెయ్యి చాపింది పెద్దాయనే. కుడిచెయ్యి.

జై భీమ్. నమో బుద్ధాయ.